చేపగంపకు టిక్కెట్టు

మైపాడు,
18 జూన్ 1961

తమ్ముడు సుభానికి,

నాగూర్‌బీ అక్క దువాలు. నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. జవాబు ఆలస్యమైందని మూతి ముడుచుకోకు. గుంటూరులో ఫ్యాను కింద కూర్చుంటే పెన్ను దానంతటదే నడుస్తుందేమో గానీ, ఇక్కడ సముద్రం గాలికి కాగితం ఎగిరిపోకుండా మోకాలితో తొక్కిపట్టి రాయాలి.

మీ బావకు దగ్గు కాస్త తగ్గింది. దూదేకే పని బాగానే సాగుతోంది. ఈ ఎండల్లో పరుపులు ఎవరు కుట్టించుకుంటారని అడిగావు. కుట్టించుకునేవాళ్ళు కుట్టించుకుంటారు, నీకెందుకు ఆ ఆరా? డబ్బు మాత్రం పంపకు. పెళ్ళి కావలసినవాడివి, దాచుకో.

ఇక అసలు సంగతి. పక్కింటి మాలకొండమ్మను నువ్వు మరిచిపోయి ఉండవు. చిన్నప్పుడు మన ఇంట్లో అన్నం వద్దని అలిగి వాళ్ళింట్లో నెత్తళ్ళ పులుసు జుర్రుకునేవాడివి. ఆమె, ఆమెలాంటి ఇంకో నూట నలభై మంది ఆడవాళ్ళు తెల్లారి పడవల దగ్గర చేప కొని, గంపకెత్తుకుని నెల్లూరికి నడుస్తారు. పద్నాలుగు మైళ్ళు. చేరేసరికి పొద్దు నడినెత్తికొస్తుంది, చేప మెత్తబడుతుంది, కొనేవాళ్ళు ముక్కు విరుస్తారు. ఆరున్నరకు మొదటి బస్సు వాళ్ళ పక్క నుంచే దుమ్ము లేపుకుంటూ పోతుంది. కానీ అందులో చేపగంపను ఎక్కనివ్వరు.

మొన్న మంగళవారం మాలకొండమ్మ పాదం వాచి అడుగు వేయలేక, గంపతో సహా బస్సెక్కి కూర్చుంది. కండక్టరు పేరు సమాధానం. అతను గంపను తీసి రోడ్డు మీద పెట్టాడు. చెడ్డవాడు కాదు, ఓనరు మాట దాటలేడు. బస్సులో అప్పటికే ఆరు కోళ్ళు, ఒక మేక ఉన్నాయి. “కోళ్ళకు చోటుండాది, మేకకు చోటుండాది, నా చేపకే లేకపాయెనా?” అని ఆమె అడిగింది. మేక దిగేచోట దిగిపోతుంది, చేప వాసన దిగదు కదా అన్నాడట సమాధానం.

బస్సులకు పర్మిట్లిచ్చే ఆఫీసులో, పెద్ద ఆఫీసరు పక్క సీట్లో కూర్చుంటానని నువ్వు రాస్తుంటావు కదా. ఆయన కాఫీ తాగే వేళ చూసి ఒక్క మాట చెవిన వేయి. మొదటి బస్సులో చేపగంపలు ఎక్కించుకోమని ఒక్క ముక్క రాసిస్తే చాలు. అంతకు మించి ఏమీ వద్దు.

నువ్వు వేళకు తింటున్నావో లేదో అని బెంగపడే
అక్క నాగూర్‌బీ


గుంటూరు,
29 జూన్ 1961

అక్కకూ బావకూ సుభాని సలాములు.

నీ ఉత్తరం చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. చెవిలో ఊదితే పనైపోవడానికి ప్రభుత్వమేమన్నా పెళ్ళిళ్ళ పేరయ్యా? ఆఫీసరుగారికీ నాకూ మధ్య ఒక్క బల్లే అడ్డమన్న మాట నిజమే. అయినా ఇక్కడ మనిషి మాట్లాడితే లాభం లేదు, కాగితం మాట్లాడాలి.

ఎట్లాగో చెబుతాను, శ్రద్ధగా విను. ఒక్క మాలకొండమ్మ అడిగితే అది అడుక్కోవడం. అదే సంఘం పెట్టి అడిగితే కోరిక. కాబట్టి ముందు సంఘం పెట్టించు. దాని పేరు ఎంత పొడవుంటే అంత మంచిది. చదివేసరికి గుమాస్తాకు ఆయాసం రావాలి. ఒక అధ్యక్షురాలు, ఒక కార్యదర్శి ఉండాలి. ఆపైన అర్జీ. దాన్ని ఎవరూ చదవరు, ఎంత లావుందో చూస్తారు. అందుకని వీలైనన్ని వేలిముద్రలు వేయించు. సంతకాలు మాత్రం వద్దు. ఒక్క సంతకం కనబడినా, ఎవరో చదువుకున్నవాళ్ళు వెనకుండి ఎగదోశారంటారు. అన్నీ వేలిముద్రలే అయితే మెత్తబడతారు. ఒక నకలు ఎమ్మెల్యేకు పంపించు, వచ్చే ఏడు ఎలక్షన్లు కాబట్టి ఆయనకు ఇప్పుడు అందరి బాధలూ వినబడతాయి. పదిహేను రోజులకొకసారి గుర్తుచేస్తూ ఒక కార్డు ముక్క పడేస్తుండాలి.

ఇంకొక కిటుకు ఉంది. ఎదురు లేని అర్జీ బీరువాలోకి పోయి పడుకుంటుంది. కాదు కూడదని అవతలివాడు ఇంకో అర్జీ పెడితేనే ఇద్దరినీ పిలిచి విచారణ జరుపుతారు. పోయిన సంవత్సరం ఒక ఊరికి బస్సు అట్లాగే వచ్చింది. ఆ ఊరివాళ్ళ అదృష్టం కొద్దీ ఒక శత్రువు దొరికాడు.

ఇందులో ఎక్కడా నా పేరు రాకూడదు. నేను నీ తమ్ముణ్ణని తెలిసిందా, నా ఉద్యోగం సముద్రం పాలు. ఇంకా పర్మనెంటు కాలేదు. అయినా పరుపులు కుట్టుకునే ఇంట్లో ఉండి నీకీ చేపల గొడవ ఎందుకో నాకు అర్థం కాదు.

నీ తమ్ముడు
సుభాని


మైపాడు,
30 జూలై 1961

తమ్ముడికి దువాలు.

నీ ఉత్తరాన్ని ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి మూడుసార్లు చదివాను. నీ పేరు చదవలేదులే, భయపడకు. గుంటూరులో ఒక పెద్దాయన చెప్పాడన్నాను. ఆ పెద్దాయనకు పళ్ళున్నాయా అని వాళ్ళలో ఉన్న పెంచలమ్మ అడిగింది.

సంఘం పెట్టాం. పేరు బడిపంతులు యెహోషువగారు పెట్టారు: మైపాడు సముద్రతీర మత్స్య విక్రయ మహిళా సంక్షేమ సంఘం. అందులో గంప అనే మాట లేదని ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోబోయారు. ఇప్పుడు అది మహిళా సంక్షేమ గంపల సంఘం. పంతులుగారు రెండు రోజులు బాధపడ్డారు. అధ్యక్షురాలిగా మాలకొండమ్మ ఒప్పుకుంది గానీ కుర్చీలో కూర్చోనని ముందే చెప్పింది. కార్యదర్శిని నేను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నువ్వంటావు. ఇక్కడ కాగితం మీద రాయడం వచ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే, ఏం చేయమంటావు?

పంతులుగారి దగ్గర సిరా పెట్టె తెచ్చి నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగాం. వేలిముద్ర అంటే పొలం పోతుందని కొందరు పారిపోయారు. పొలమే లేనిదానికి ఏం పోతుందే అని మాలకొండమ్మ వాళ్ళను కొంగు పట్టుకుని లాక్కొచ్చింది. మొత్తం నూట నలభై మూడు ముద్రలు వేయించి, అర్జీ నిన్ననే రిజిస్టర్ చేసి పంపాం.

నువ్వు చెప్పిన కిటుకు దగ్గర మాత్రం కష్టమైంది. మాకు శత్రువు లేడు. ఓనరు పట్టించుకోడు, కండక్టరు సమాధానం మనసు లోపల మావైపే. శత్రువు దొరకలేదని చేతులు ముడుచుకుంటామా? ఒకణ్ణి తయారుచేసుకున్నాం.

ఊరికి రెండు మైళ్ళ అవతల పొలాలున్న హజరత్తయ్య గుర్తున్నాడా? గట్టు తగాదా మీద పదకొండేళ్ళుగా నెల్లూరు కోర్టుకు తిరుగుతున్నాడే, ఆయన. ఆ గట్టు వరదకు కొట్టుకుపోయింది, కేసు మాత్రం అట్లాగే ఉంది. వారానికి నాలుగు రోజులు తెల్లటి పంచెలో మొదటి బస్సెక్కుతాడు. బస్సు కోసం ఆయన నిలబడి ఉన్నప్పుడు నేను పక్కన చేరి, అయ్యా, గంపల సంఘం గెలిస్తే మీ పక్క సీట్లో చేపలు కూర్చుంటాయట, పాపం మీ పంచె సంగతేమిటో అన్నాను. ఆయన మొహం కందగడ్డయింది. ఇట్లాంటివాటిని అడ్డుకోవాలంటే సంఘం పెట్టాలటగా అని మెల్లగా ఇంకో మాట విడిచాను.

మూడు రోజుల్లో ప్రయాణీకుల గౌరవ పరిరక్షణ సంఘం వెలిసింది. పేరులో మనకంటే చిన్నదే. ఆయనకో నెల్లూరు వకీలు కూడా ఉన్నాడట. నీ మాట ప్రకారం ఇక విచారణ తప్పదు. పెద్దాయనకు మా సలాములు చెప్పమని అందరూ అన్నారు.

అక్క


గుంటూరు,
20 ఆగస్టు 1961

అక్కకు,

శత్రువును పెట్టుకోమని నేనెప్పుడు చెప్పాను? దొరికితే మంచిదన్నాను. అందులోనూ కోర్టు పక్షి హజరత్తయ్యను గోకావు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ఆయన అర్జీ వచ్చింది. ఇంగ్లీషులో టైపు కొట్టించాడు, కింద పన్నెండు సంతకాలున్నాయి. అంతవరకు ఫరవాలేదు. ఎమ్మెల్యే దగ్గర మీ నకలు చూశాడట. మీరు దొంగ వేలిముద్రలు వేశారని ఇంకో కాగితం కూడా జతచేశాడు.

అక్కా, అది చదివి నేను మీ అర్జీ తీసి చూశాను. నూట నలభై మూడు ముద్రల్లో ఒక్కదానికీ గీత లేదు. అన్నీ నల్లటి మచ్చలు, కవల పిల్లల్లా ఉన్నాయి. మనిషి వేలికి గీతలుంటాయని నీకు తెలియదా? ఒక్క వేలితో అన్నీ కొట్టేశావా, లేక ఉర్లగడ్డ కోసి అచ్చు వేశావా? తొందరపాటు మనిషివని తెలుసు గానీ ఇంత పని చేస్తావనుకోలేదు.

సూపరింటెండెంటుగారు నన్ను పిలిచి, ఆ వైపువాడివి కదా, నువ్వేమంటావని అడిగారు. నీకూ నాకూ ఉన్న సంబంధం ఆయనకు తెలిసిపోయిందేమోననిపించింది. ఒక్కరి వేలే అయి ఉంటుందండీ అన్నాను. ఆయన ఆ ముక్కే ఫైలులో రాసుకున్నారు. ఇప్పుడు నువ్వు చేయవలసింది ఒక్కటే. అర్జీ వెనక్కి తీసుకుంటున్నామని కార్డు రాసి, ఎవరికీ కనబడకుండా ఊరుకో. ఆ ఆడవాళ్ళ కోసం నువ్వు కేసులో ఇరుక్కోవద్దు.

సుభాని


మైపాడు,
26 ఆగస్టు 1961

సుభానీ,

ఆ ఆడవాళ్ళు అన్నావు. వాళ్ళలో ఒకదాన్ని నేను.

మీ బావ దూది విల్లు ముట్టి రెండేళ్ళయింది. దూదిలో లేచే ధూళి ఊపిరితిత్తులకు పట్టిందనీ, విల్లు పడితే మనిషి దక్కడనీ డాక్టరు చెప్పాడు. విల్లు అటకెక్కింది. నేను మాలకొండమ్మ వెనక గంపెత్తుకున్నాను. నీకు చెబితే నువ్వు పస్తులుండి డబ్బు పంపుతావు, కాకుంటే ఉద్యోగం మానుకుని వచ్చేస్తావు. అందుకని చెప్పలేదు. పరుపులు కుట్టుకునే ఇల్లు అని నువ్వు మురిసిపోతుంటే చెప్పబుద్ధి కూడా కాలేదు. అబద్ధమాడినందుకు నన్ను తిట్టు, పడతాను. దొంగ ముద్రలన్నందుకు మాత్రం నేను ఊరుకోను.

ఆ ముద్రల్లో ముప్పై ఏడోది నాది. సంతకం వద్దని నువ్వే అన్నావు కదా, వేలే వేశాను. గీతలు ఎక్కడి నుంచి వస్తాయిరా? పొద్దస్తమానం ఉప్పునీళ్ళలో చేతులు. పొలుసులు గీకి, ఇసకతోనూ బూడిదతోనూ చేప తోమి, గంప అంచు పట్టుకుని పద్నాలుగు మైళ్ళు నడిస్తే ఉన్న గీతలు పోవా? నాకు రెండేళ్ళకే పోయాయి. మాలకొండమ్మకు ఎప్పుడో పెళ్ళైన కొత్తలో పోయాయట. ఇదంతా మాకూ తెలియదు. నీ ఉత్తరం చదివాకనే ఒకరి వేళ్ళు ఒకరం పట్టుకుని చూసుకున్నాం. అందరివీ నున్నగా ఉన్నాయి. పెంచలమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

ఈ ఉత్తరం అడుగున నా వేలు పెడుతున్నాను, చూసుకో. అర్జీ వెనక్కి తీసుకోము. వానల్లో ఈ నడక ఇంకో ఏడు నా వల్ల కాదు. నిన్న గంపతో కాలువ దగ్గర పడ్డాను. మీ బావకు చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

నాగూర్‌బీ


గుంటూరు,
2 సెప్టెంబరు 1961

అక్కా,

నీ వేలిముద్ర చూశాను. ఆ రోజు అన్నం సహించలేదు. కాగితాన్ని కిటికీ వెలుగుకు పెట్టి, ఒక్క గీతన్నా దొరుకుతుందేమోనని వెతికాను.

నువ్వు నీ అబద్ధం చెప్పావు కాబట్టి నాది కూడా విను. నేను ఆఫీసరు పక్క సీట్లో కూర్చోను. నా సీటు మెట్ల కింద. వచ్చిన కవర్లు చించి, తేదీ ముద్ర కొట్టి, నంబరు వేసి పైకి పంపుతాను. ఆఫీసరుగారు నన్ను పేరు పెట్టి ఒక్కసారే పిలిచారు, అదీ వేరేవాళ్ళ పేరు. ఫ్యాను కూడా లేదు. పెద్ద మాటలన్నీ పైకి పోయే ఫైళ్ళలో చూసి నేర్చుకున్నవి.

కిటుకు మాత్రం పనిచేసింది. హజరత్తయ్య ఎదురు తిరిగినందువల్ల విచారణ వేశారు. సెప్టెంబరు 23న ఆఫీసరుగారే నెల్లూరు వచ్చి సర్కారు బంగళాలో రెండు పక్షాలనూ వింటారు. మీ వాళ్ళను ఎదురుగా పిలిచి మళ్ళీ వేలిముద్రలు తీయిస్తారు. సిరా పెట్టె పట్టుకుని వెంట వెళ్ళమని నన్ను పురమాయించారు.

ఒక్క సంగతి బతిమాలుకుంటున్నాను. అక్కడ నన్ను గుర్తుపట్టొద్దు. నాకోసం అనుకోకు. ఆఫీసు మనిషే అక్కతో అర్జీ పెట్టించాడని తెలిస్తే హజరత్తయ్య వకీలు మొత్తం కొట్టేయిస్తాడు. నా ఉద్యోగం కోసం కాదని కూడా చెప్పలేను, అదీ ఉంది. నువ్వెవరో నేనెవరో అన్నట్టుంటే ఇద్దరం గట్టెక్కుతాం. నన్ను క్షమించు.

సుభాని


మైపాడు,
10 సెప్టెంబరు 1961

సుభానికి దువాలు.

మెట్ల కింద అయితేనేం, నీడనే ఉన్నావు కదా, సంతోషం. మీ బావ నీ ఉత్తరం వినీ వినగానే, రోట్లో తల పెట్టినాక రోకటి పోటుకు వెరిస్తే ఎట్టా అని అన్నాడు. అది నిన్నన్నాడో నన్నన్నాడో చెప్పలేదు.

నీ మాటకు ఒప్పుకున్నాను. 23న నువ్వెవరో నాకు తెలియదు. నువ్వు కింద పడినా లేపను. పెంచలమ్మ నోరాగని మనిషి, నిన్ను చూసి సుభానిగాడు ఎంత ఎదిగినాడే అంటుందేమోనని ఆమెకు కూడా ఒట్టు వేయించాను. మొత్తం ఇరవై మందిమి వస్తాం. గంపలు తెస్తాం, ఎందుకంటే ఆ రోజు కూడా అమ్ముకోవాలి కదా. ఆఫీసరుగారికి వాసన గిట్టదంటే, కిటికీలు తీసి పెట్టమను.

ఏదో ఒకటి తిని రా. ఆ రోజు నేను నీకు పెట్టలేను.

అక్క


గుంటూరు,
26 సెప్టెంబరు 1961

అక్కకూ బావకూ సలాములు.

బావా, ఈ ఉత్తరం నీకోసం రాస్తున్నాను. అక్క చెబితే సగం నవ్వుతోనే గడుస్తుంది. నేను ఆ సాయంత్రమే ఆఫీసరుగారితో రైలెక్కాల్సి వచ్చింది. ఇంటికి రాలేకపోయాను.

బంగళా వరండాలో బల్ల వేశారు. హజరత్తయ్య వకీలుతో ముందు వరసలో కూర్చున్నాడు. ఆడవాళ్ళు మెట్ల కింద నిలబడ్డారు. మాలకొండమ్మను పిలిచి కుర్చీ చూపిస్తే, కూర్చోనని ముందే అనుకున్నామని చెప్పింది. ఆఫీసరుగారికి అర్థం కాలేదు. నేను ఆమె వేలికి సిరా రాసి కాగితం మీద ఒత్తాను. నల్లటి మచ్చ పడింది. తర్వాత పదకొండు మందివీ అట్లాగే పడ్డాయి. హజరత్తయ్య లేచి, వీళ్ళు వేళ్ళకు మైనం పూసుకొచ్చారన్నాడు. అయితే మీ వేలు కూడా ఇవ్వండి, సిరా బాగుందో లేదో చూద్దామన్నారు ఆఫీసరుగారు. హజరత్తయ్య ముద్ర ఎంత చక్కగా పడిందంటే, గీతలు లెక్కపెట్టుకోవచ్చు. ఆయన దాన్ని చూసి కాస్త గర్వపడ్డాడు కూడా. వకీలు ఆయన పంచె పట్టుకుని కూర్చోబెట్టాడు.

ఆఫీసరుగారు ఫైలు తిరగేసి, ఒక్కరి వేలేనని మన ఆఫీసులో ఎవరు చెప్పారని అడిగారు. నేనేనండీ అన్నాను. నావైపు చూసి, తర్వాతివారిని రమ్మన్నారు.

వచ్చింది అక్క. మాట ప్రకారం నన్ను చూడలేదు. నా తల వెనకున్న గోడను చూస్తోంది. నేను ఆమె వేలు పట్టుకున్నాను. బావా, చిన్నప్పుడు ఆ వేలితోనే ఇసకలో అక్షరాలు రాసి నా చేత దిద్దించింది. అది గట్టిపడి, పగిలి, నా చేతిలో వేరే ఎవరి వేలో ఉన్నట్టుంది. నా చేయి కదలలేదు. ఆఫీసరుగారు ఏమైందన్నారు.

“నేను చెప్పింది తప్పండీ. ఈమె మా అక్క. ఈ వేలికి గీతలుండేవి, నాకు తెలుసు. చేపలు మోసి అరిగిపోయినాయి. సంఘం పెట్టమని చెప్పింది కూడా నేనే” అన్నాను.

హజరత్తయ్య వకీలు ఎగిరి గంతేశాడు. ఆఫీసరుగారు అక్క వైపు తిరిగి, ఇతను మీ తమ్ముడేనా అని అడిగారు.

“ఈ బాబెవరో నాకు తెలీదయ్యా” అంది అక్క, గోడను చూస్తూనే.

ఒట్టు అంటే ఒట్టే. నేను నిజం చెబుతుంటే ఆమె నన్ను అబద్ధాలకోరును చేసింది. ఆఫీసరుగారు మళ్ళీ అడిగారు. ఈసారి నన్ను పుట్టి బుద్ధెరిగి చూడలేదంది. నాకు కళ్ళ వెంట నీళ్ళు, నవ్వు, రెండూ ఒక్కసారే వచ్చాయి. మెట్ల కింద నుంచి మాలకొండమ్మ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

“వాడు చెప్పేసినాడు గదమే, ఇంకా ఏందమే నీ బెట్టు? చూడు, బిడ్డ ఏడస్తా ఉండాడు” అంది.

అప్పుడు అక్క నా మొహం చూసింది. అందరి ముందరా కొంగుతో నా ముక్కు తుడిచింది. ఆ కొంగు ఎట్లాంటి వాసన వేసిందో నేను చెప్పను. ఆఫీసరుగారు మొహానికి ఫైలు అడ్డం పెట్టుకున్నారు. నవ్వుకో, వాసనకో నాకు తెలియదు. మిగతా ఏడుగురినీ పిలవనక్కర లేదని లేచిపోయారు.

నిన్న నాకు మెమో వచ్చింది, సంబంధం దాచినందుకు సంజాయిషీ ఇవ్వమని. దాచాను, తప్పే అని ఒక్క వాక్యం రాసిచ్చాను. ఏమవుతుందో తెలియదు. అయినా ఆకలి వేస్తోంది, తింటున్నాను.

సుభాని


మైపాడు,
19 నవంబరు 1961

తమ్ముడు సుభానికి దువాలు.

నిన్ను పాత ఫైళ్ళ గదికి మార్చారని రాశావు. ఉద్యోగం ఉంది, అదే పదివేలు. పర్మనెంటు ఇంకో ఏడాది వెనక్కి పోయిందని బాధపడకు. పిల్లనిచ్చేవాళ్ళకు మా ఇంట్లో చేపలమ్ముతామని నువ్వే చెప్పేశావటగా, అది విని మీ బావ రెండుసార్లు చదవమన్నాడు.

ఆర్డరు వచ్చింది. మొదటి బస్సులో వెనక రెండు వరసల సీట్లు తీసేసి గంపలకివ్వాలి. కింద గోనెపట్టా పరవాలి, నీళ్ళు కారకూడదు, గంపకు అర టిక్కెట్టు. మా సంఘం పేరు మొత్తం రాశారు. యెహోషువ పంతులుగారు దాన్ని పైకి చదువుతూ గంపల దగ్గర గొంతు తగ్గించారు.

అన్ని గంపలూ ఒక్క బస్సులో పట్టవు. అందుకని వాడకట్టు వాడకట్టుకూ వంతులు పెట్టాం. మా వంతు నిన్న వచ్చింది. సమాధానం తనే కిందికి దిగి మాలకొండమ్మ గంపకు చేయి వేశాడు. టిక్కెట్టు చింపి ఇస్తే ఆమె దాన్ని గంపలో చేపల మీద పెట్టింది. ఎవరి టిక్కెట్టు వాళ్ళ దగ్గరుండాలట.

హజరత్తయ్య కూడా ఎక్కాడు. కోర్టు వాయిదా ఉన్నవాడు రెండో బస్సుకు ఎట్లా పోతాడు? ముక్కుకు తుండుగుడ్డ కట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఇందుకూరుపేట దాటాక వెనక్కి వచ్చి, గుడ్డలోంచే, వంజరం ఎట్లా ఇస్తావని పెంచలమ్మను బేరమాడాడు. ఇంకో మాట వింటే నువ్వు నవ్వుతావు. ఆయన సంఘం ఇప్పుడు ఆరున్నరకే ఇంకో బస్సు కావాలని అర్జీ పెడుతోంది. గంపలన్నీ దాంట్లోకి పోతాయని ఆయన ఆశ. మా నూట నలభై మూడు వేళ్ళూ కావాలని కబురు పెట్టాడు. వేస్తామన్నాం. అయితే ముందుగా మా మీద పెట్టిన దొంగ ముద్రల కాగితం వెనక్కి తీసుకోవాలన్నాం. ఆలోచించుకుంటున్నాడు.

ఎనిమిదికల్లా బజారులో దిగాం. చేప బిర్రుగా ఉంది. కొనేవాళ్ళు చేప మొప్పలెత్తి చూసి అడిగిన ధర ఇచ్చారు. పదిన్నరకు గంప ఖాళీ. పగటి బస్సుకు ఇంటికొచ్చేశాను. మీ బావ నన్ను గుమ్మంలో చూసి బెదిరిపోయాడు, ఎక్కడో పడి తిరిగొచ్చాననుకున్నాడు. అమ్మేశానని చెప్పినా నమ్మక గంపలో చెయ్యి పెట్టి చూశాడు.

అన్నం వేడిగా ఉంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. సగం తిన్నాక ఆయన, “రెండేళ్ళుగా ఈ వేళకు నేనొక్కణ్ణే తింటా ఉండా నాగూరూ” అన్నాడు. నేను ఇంకొంచెం పులుసు వేశాను.

తిన్నాక ఏం చేయాలో తోచలేదు. ఇంకా బోలెడంత పొద్దుంది. కాళ్ళు చాపుకుని గుమ్మానికి ఆనుకుని కూర్చున్నాను, అట్లాగే నిద్రపట్టింది. మెలకువ వచ్చి చూస్తే మాలకొండమ్మ కూడా నా పక్కనే గోడకు చేరగిలబడి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. మీ బావ మా ఇద్దరికీ ఎండ తగలకుండా చాప అడ్డం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

అక్క నాగూర్‌బీ